అటక మీది పాత మౌంటెన్ సైకిలుని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

నెలకి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. "మా ఇంట్లో నేను టెన్త్ చదివేటప్పుడు కొన్న రేంజర్ సైకిలు ఉందండి, ఏ రంగు వేయిస్తే బాగుంటుంది?" అని. విడివిడిగా జవాబు చెప్పలేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను. రంగు సంగతి ఆఖర్న చూద్దాం. ముందు బీబీ విప్పండి. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, పెడళ్లని పట్టుకునే ఇనప చేతులు (క్రాంకులు) రెండూ కలిసే చోట, ఫ్రేము అడుగున అడ్డంగా ఉండే గొట్టం. గోదావరి జిల్లాల్లో పాతికేళ్లు పడున్న ఏ సైకిలుకైనా అసలు రోగం అక్కడే ఉంటుంది, పైకి మాత్రం కనపడదు.

తొంభైల్లో మా వైపు ఈ సైకిళ్ల మోజు ఎలా ఉండేదో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. హీరో రేంజర్, హెర్క్యులస్ ఎంటీబీ, ఆ తర్వాత గేర్లున్న టాప్ గేర్. లావు టైర్లు, తిన్నటి హ్యాండిలు, మడ్‌గార్డు ఉండీ లేనట్టు. కాలిఫోర్నియా కుర్రాళ్లు డెబ్బైల్లో కొండల మీద నుంచి పాత సైకిళ్లేసుకుని దూకుతూ కనిపెట్టిన బండి ఇది. మనకేమో కొండంటే కాలువ గట్టు, ఘాట్ రోడ్డంటే రాజమండ్రి రోడ్ కం రైలు వంతెన ఎక్కుడు. అయినా ట్యూషన్‌కి అదేసుకుని వెళ్తే ఉండే దర్జా వేరు. అందుకేగా అటక మీద దాచుకున్నారు, పాత ఇనుముకి వేయకుండా.

ఇక పనిలోకి వెళ్దాం. ఇది రెండు ఆదివారాల పని. ఒక్క రోజులో అయిపోవాలని కూర్చుంటే మాత్రం సగంలో సుత్తి పట్టుకుంటారు, అక్కడితో సైకిలు పోతుంది.

కావలసినవి

స్పానర్లు 8 నుంచి 17 దాకా. అందులో 15 తప్పనిసరి. హబ్బులో (చక్రం నడిమి భాగంలో) బాల్సుని నొక్కిపట్టే కోన్‌లకి పల్చటి కోన్ స్పానర్లు 13, 15 విడిగా కొనుక్కోండి, మామూలు స్పానరు ఆ సందులో దూరదు. అలెన్ కీల సెట్టు, సుత్తి, చక్రం పుల్లలు బిగించే స్పోక్ కీ, గ్రీజు డబ్బా, సన్నటి ఆయిలు, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే, కడగడానికి కిరోసిన్ (ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి డీజిల్), నిమ్మ ఉప్పు, వంట సోడా, ఇంట్లో వంటకి వాడే అల్యూమినియం ఫాయిలు, 12 అంగుళాల స్టీలు స్కేలు. ఇంకా కొబ్బరి పీచు. ఒండ్రు మట్టి వదిలించడానికి దాన్ని మించింది లేదు, రంగు మీద గీతలూ పెట్టదు.

బాల్సు కొత్తవే వేయండి. పాతవి మెరుస్తున్నా సరే. మామూలుగా ముందు హబ్బుకి 3/16 అంగుళం బాల్సు వైపుకి పది, వెనక హబ్బుకి పావంగుళంవి వైపుకి తొమ్మిది, బీబీకి పావంగుళంవి వైపుకి పదకొండు పడతాయి. అయినా మీ సైకిల్లోంచి ఒక్కో చోటిది ఒక్కోటి విడివిడి కాగితంలో చుట్టి, దాని మీద రాసుకుని, షాపుకి తీసుకెళ్లి చూపించి కొనడమే మేలు.

ఇంకో సామాను ఫోను. ప్రతి ముక్కా విప్పేముందు ఫొటో తీయండి. "గుర్తుంటుందిలే" అనుకున్నవాళ్లే రాత్రి పదింటికి చేతిలో ఒక వాషరు పట్టుకుని నాకు ఫోన్ చేస్తారు.

1. ముందు ఫ్రేము బతికుందో లేదో చూడండి

కడిగి, ఆరాక, ఎండలో పెట్టి చూడండి. హ్యాండిలు దిగే గొట్టానికి కింది గొట్టం అతికే చోట అడుగున వేలితో తడమండి. అక్కడ రంగు ముడతలు పడినా, చిన్న ఉబ్బులాంటిది తగిలినా ఆ సైకిలు ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది. బీబీ చుట్టూ, వెనక చక్రం కూర్చునే చోటా సన్నటి పగుళ్లుంటే గీతలాగా తుప్పు కారి ఉంటుంది. ఇలాంటివి ఉంటే గోడకి తగిలించుకోండి తప్ప తొక్కొద్దు. వెల్డింగు పెట్టిస్తే సరిపోదా అంటారు. సీటు కమ్మీకైతే సరిపోతుంది, ముందు గొట్టానికి మాత్రం నేను ఒప్పుకోను, అది విరిగితే పళ్లు రాలతాయి.

ఫ్రేము సొట్టపోయిందా అన్నది దారంతో తేలుతుంది. వెనక ఇరుసు కూర్చునే చోట దారం ఒక కొస కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి రెండో వైపు అదే చోట బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీ రెండు వైపులా స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అయితే పర్లేదు. అయిదారు ఉంటే ఎంత బాగా చేసినా ఆ సైకిలు పక్కకి లాగుతూనే ఉంటుంది.

బయట కొంటుంటే బీబీ అడుగున చెక్కిన నంబరు చూసి, అమ్మినవాళ్ల చేత దాన్ని ఒక కాగితం మీద రాయించుకోండి. గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన సైకిలు దొరికి, దాని మీద షిమానో (జపాన్ కంపెనీ) భాగాలుంటే ఇంకో సరదా ఉంది. భాగం వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి, మొదటిది సంవత్సరం, రెండోది నెల. ఏ అంటే 1976, అక్కణ్నుంచి వరసగా లెక్కపెట్టుకోండి. ఎస్, ఈ అని ఉంటే 1994 మే. ముక్కలన్నీ ఒకే ఏడాదివైతే ఎవరూ చెయ్యి పెట్టని సైకిలు దొరికినట్టు.

2. పెడళ్లు, క్రాంకులు విప్పడం

ఎడమ పెడలుకి ఎదురు మర. ఇది తెలియక ఎన్ని క్రాంకులు పాడయ్యాయో లెక్కలేదు. గుర్తు పెట్టుకోవడం తేలికే: స్పానరు పిడి ఆకాశం వైపు ఉండేలా పెట్టి, ఏ పెడలైనా సరే సైకిలు వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది. బిగించేటప్పుడు ముందు చక్రం వైపు.

మన సైకిళ్లకి ఎక్కువగా కాటర్ పిన్ను క్రాంకులే, అంటే క్రాంకుని యాక్సిలుకి మేకులాంటి పిన్నుతో బిగించినవి. పిన్ను నట్టుని పూర్తిగా తీసేయకుండా మర అంచు దాకా వదులు చేసి ఆపండి, దెబ్బ మర మీద పడకుండా. క్రాంకు కింద ఒక ఇనప గొట్టం ముక్క నిలబెట్టండి, పిన్ను తల ఆ గొట్టంలోకి దిగేలా, కింద నేల గట్టిగా ఉండేలా చూడండి. ఇప్పుడు ఒక్క దెబ్బ, గట్టిగా. బుజ్జి బుజ్జి దెబ్బలు ఇరవై వేస్తే పిన్ను వంగిపోతుంది, కింద ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపల బాల్సు మీద పడి, అవి తిరిగే కప్పులో గుంటలు పడతాయి. రాకపోతే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పిన్నులు ఎలాగూ కొత్తవి వేస్తారు, పాతది మాత్రం నమూనాకి దాచండి.

3. బీబీ

ఎడమ వైపు కప్పుని కదలకుండా పట్టే రింగు విప్పి, కప్పు విప్పండి, మామూలు మరే. కుడి వైపు కప్పుకి ఎదురు మర, అది బాగానే ఉంటే దాని జోలికి వెళ్లకుండా అక్కడే ఉంచి శుభ్రం చేసుకోవచ్చు.

నా సైకిలు సంగతి చెప్తాను. 96 నవంబరు తుఫానుకి అది మా పశువుల పాకలో సీటు దాకా నీళ్లలో ఉంది. తర్వాత ఎండబెట్టి, తుడిచి, చైనుకి ఆయిలేసి ఇంకో ఏడాది తొక్కాను కూడా, కిర్రుమంటుంటే చైనే అనుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత విప్పితే కప్పులోంచి గ్రీజు కాదు, నల్లటి ఒండ్రు ముద్దగా జారింది. ఇరవై రెండు బాల్సు ఉండాల్సిన చోట పదిహేడే బాల్సులా ఉన్నాయి, మిగతావి పెసరగింజంతై ఆ బురదలో కలిసిపోయాయి. కప్పు లోపల వేలు తిప్పితే మశూచి మచ్చల్లా గుంటలు. మా వీధి చివర సైకిలు షాపు తాత దాన్ని కళ్లజోడు పైకెత్తి చూసి, "పైన తుడుచుకుంటే ఏం లాభవండీ, కడుపులో గోదారి ఉంచేసుకున్నారు కదా" అన్నాడు. అందుకే మొదటే అన్నాను, ముందు ఇది విప్పమని.

కప్పు, యాక్సిలు మీద బాల్సు తిరిగే దారి చూడండి. నున్నగా మెరిసే గీత ఉంటే బాగున్నట్టే. గోరు తగిలించి తిప్పితే గోరు ఎక్కడైనా ఆగిందా, మార్చేయండి. ఇవి ఖరీదైన సామాన్లు కావు, మామూలు సైకిలు షాపుల్లోనే దొరుకుతాయి.

కప్పు నిండా గ్రీజు పూసి బాల్సు పేర్చండి. పదకొండు పెట్టాక ఇంకోటి పట్టేలా కొంచెం ఖాళీ కనపడుతుంది. దాంట్లో ఇంకోటి ఇరికించకండి. కప్పు బిగించి, పూర్తిగా లూజు పోయేదాకా తెచ్చి, అక్కణ్నుంచి వెంట్రుకవాసి వెనక్కి వదిలి, రింగు బిగించండి. రింగు బిగించేటప్పుడు కప్పు కూడా తిరిగి టైటవుతుంది. దాన్ని పట్టుకుని బిగించాలి, మొదటిసారే ఎవరికీ సరిగ్గా కుదరదు.

బీబీ తిరిగి బిగించకముందు, ఫ్రేము ఖాళీగా ఉన్నప్పుడే సీటు గొట్టంలోంచి రెండు చెంచాల కొత్త ఇంజన్ ఆయిలు పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి, మిగిలింది వంచేయండి. బీబీ అడుగున చిన్న కన్నం ఉంటే పిన్నీసుతో పొడిచి తెరిచి ఉంచండి. నీళ్లు బయటికి పోయే దారి అదొక్కటే. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఈ ఆయిలు పని ఏటా చేయాల్సిందే, ఉప్పుగాలి గొట్టాన్ని లోపల్నుంచి తింటుంది.

4. హ్యాండిలు, సీటు కమ్మీ

హ్యాండిలు పైన బోల్టుని పూర్తిగా తీయొద్దు. నాలుగైదు చుట్లు వదులు చేసి, బోల్టు తల మీద చెక్క పెట్టి సుత్తితో ఒకటేయండి, లోపలి ముక్క కిందికి జారుతుంది, అప్పుడు హ్యాండిలు ఊడొస్తుంది. రాలేదని చక్రాన్ని మోకాళ్ల మధ్య పెట్టి మెలితిప్పితే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగుతుంది.

సీటు కమ్మీ పట్టేసి ఉంటే స్ప్రే కొట్టడం, ఒక రోజు ఆగడం, మళ్లీ కొట్టడం. పాత సీటు దాని మీదే ఉంచి, దాన్ని పిడిలా పట్టుకుని తిప్పండి. గ్యాసు మంట పెట్టమనే సలహాదారులు ప్రతి ఊళ్లో ఉంటారు. రంగు, స్టిక్కర్లు అన్నీ పోతాయి, వినకండి. తిరిగి పెట్టేటప్పుడు ఈ రెండు గొట్టాలకీ గ్రీజు రాయండి.

హెడ్డు (హ్యాండిలు తిరిగే చోటు) బాల్సు మార్చాక ఇలా చూడండి: ముందు చక్రాన్ని గాల్లోకి లేపితే హ్యాండిలు దానంతటదే పక్కకి పడిపోవాలి. ముందు బ్రేకు పట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక అనకూడదు. తిన్నగా ఉన్నప్పుడు మాత్రం మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు ఆగుతుంటే కప్పుల్లో గుంటలు పడ్డాయన్నమాట.

5. తుప్పు

నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకి 50 గ్రాములు కలిపి, ప్లాస్టిక్ టబ్బులో నట్లు, బోల్టులు, సీటు కమ్మీ లాంటివి ఆరేడు గంటలు నానబెట్టండి. తీసి పీచుతో రుద్ది, వంట సోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిలు రాయండి. ఈ "వెంటనే" అన్నది మన దగ్గర నిజంగానే వెంటనే. కాఫీ తాగొచ్చేలోపు పసుపు పూసినట్టు కొత్త తుప్పు పట్టేస్తుంది.

మెరుపు పూత ఉన్న హ్యాండిలు, రిమ్ములకి ఇది వద్దు. ఫాయిలు ఉండ చేసి నీళ్లలో తడిపి రుద్దండి, నల్లటి రసం వస్తుంది, తుడిస్తే కింద మెరుపు. పూత ఊడిపోయి గుంట పడ్డ చోట ఏదీ పనిచేయదు.

బాత్రూము ఆసిడ్ మాత్రం ఎవరు చెప్పినా వాడకండి. తుప్పు నిమిషాల్లో పోతుంది నిజమే, పూతా పోతుంది, స్ప్రింగులూ చైనూ పెళుసెక్కుతాయి, ఆ ఆవిరి పక్కనున్న మంచి సామాన్లకీ తుప్పు పట్టిస్తుంది.

6. చక్రాలు

హబ్బులు బీబీ లాగే: విప్పు, కడుగు, కొత్త బాల్సు, గ్రీజు. సరిగ్గా బిగించారో లేదో చూడటానికి చక్రాన్ని ఫ్రేములో పెట్టి, వాల్వు పక్కకి వచ్చేలా తిప్పి వదలండి. వాల్వు బరువుకే చక్రం మెల్లగా కిందికి తిరిగి, రెండు మూడు ఊపులు ఊగి ఆగాలి. ఉన్నచోటే నిలబడిపోతే కోన్ టైటు. రిమ్ము పట్టుకుని పక్కకి ఊపితే కదిలితే లూజు.

బెండు తీయడం మీరే నేర్చుకోండి. ఫ్రేముకి ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టి, దాని కొస రిమ్ముకి తగిలీ తగలనట్టు పెట్టి చక్రం తిప్పండి. రిమ్ము కుడికి వెళ్లిన చోట ఎడమ హబ్బు నుంచి వచ్చే పుల్లలు బిగించి, కుడివి వదులు చేయాలి. నిప్పిళ్లకి (పుల్లల కొసల్లో ఉండే చిన్న నట్లకి) ముందురోజే ఒక్కో చుక్క ఆయిలు వేయండి. పావు చుట్టు, మళ్లీ తిప్పి చూడు, పావు చుట్టు, అంతే. అందరూ చేసే తప్పు బిగిస్తూ పోవడమే, వదులు చేయడం మర్చిపోతారు, చివరికి చక్రం కోడిగుడ్డులా తయారవుతుంది.

7. టైర్లు: ఇక్కడే డబ్బులు పోయేది

26 అంటే 26 కాదు. ఇది రాసి గోడకి అంటించుకోండి. మౌంటెన్ సైకిలు టైరు మీద 26 × 1.95, 26 × 2.10 ఇలా చుక్క పెట్టి రాసుంటుంది, ఆ రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. లేడీస్ సైకిళ్లకి వచ్చే 26 × 1⅜ టైరు రిమ్ము 590. రెండూ 26లే, కానీ ఒకటి రెండోదానికంటే మూడు సెంటీమీటర్లు పెద్దది, చచ్చినా కూర్చోదు. పాత పెద్ద సైకిలు 28 × 1½ అయితే 635, దాని సంగతి వేరు. కాబట్టి షాపులో "ఇరవయ్యారు టైరివ్వండి" అనకుండా, టైరు పక్కన చిన్న అక్షరాల్లో 50-559 లాంటి నంబరు వెతకండి. గీత తర్వాత 559 ఉందంటే మీదే.

రిమ్ము లోపల పుల్లల కొసలు ట్యూబుని పొడవకుండా పాత ట్యూబు ముక్క పట్టీలా కోసి చుట్టండి. గాలి 40 పీఎస్ఐ దగ్గర మన రోడ్లకి చాలు. గాలి కొట్టాక టైరు అంచు పక్కనుండే సన్నటి గీత రిమ్ముకి చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి, ఒక చోట మునిగి ఉంటే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి, మళ్లీ కొట్టండి.

8. చైను, ఫ్రీవీలు

చైను మీద స్కేలు పెట్టండి. సున్నా ఒక పిన్ను మధ్యలో పెడితే 12 అంగుళాల గీత ఇంకో పిన్ను మధ్యలోనే పడాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందా, చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే చైనుతోపాటు ఫ్రీవీలు (వెనక చక్రం మీది పళ్లచక్రం), ముందు పళ్లచక్రం కూడా చూసుకోవాలి, కొత్త చైను అరిగిన పళ్ల మీద జారుతుంది. గేర్లు లేని సైకిలు చైను వెడల్పు, గేర్ల చైను సన్నం, నమూనా పట్టుకెళ్లండి.

ఫ్రీవీలు విప్పొద్దు. లోపల ఆవగింజలంత బాల్సు ఉంటాయి, విప్పినవాళ్లలో తిరిగి పెట్టినవాణ్ని నేను చూడలేదు, నాతో సహా. డీజిల్లో ఒక పూట ముంచి, తిప్పి, కారబెట్టి, సన్నటి ఆయిలు పోస్తే మళ్లీ ఆ టిక్ టిక్ టిక్ వస్తుంది. ఆ చప్పుడు వినగానే నాకైతే సాయంత్రం ఏడింటికి ట్యూషన్ వదిలినప్పటి రోడ్డు కళ్ల ముందుకొచ్చింది.

కోనసీమ మిత్రులకి ఒక మనవి: ఇంట్లో ఉంది కదా అని చైనుకి కొబ్బరి నూనె వేయకండి. దుమ్ము పట్టి జిగురవుతుంది, చలికాలం తెల్లారేసరికి గడ్డ కడుతుంది.

9. బ్రేకులు

వైర్లు, రబ్బర్లు కొత్తవే. రబ్బరు రిమ్ము అంచుకే తగలాలి, టైరుకి తగిలితే నాలుగు రోజుల్లో టైరు కోసేస్తుంది. ఖాళీ రెండు మిల్లీమీటర్లు చాలు. పాత బ్రేకులు తీసి వీ బ్రేకులు వేయిస్తే లివర్లు కూడా వాటివే వేయించండి, పాత లివరు సరిపడా వైరు లాగదు. అన్నీ అయ్యాక ఉన్నచోటే నిలబడి లివరుని శక్తి కొద్దీ పిండి అరనిమిషం పట్టుకోండి. వైరు జారేదుంటే ఇంట్లోనే జారుతుంది. ఇనప రిమ్ములు వానలో దాదాపు ఆగవు, ఇది రిపేరుకి లొంగే జబ్బు కాదు, వానలో నెమ్మదిగా వెళ్లండి.

10. ఇప్పుడు రంగు

వీలైతే వేయకండి. కడిగి, కారు మైనం రుద్దండి. పాత రంగు ఎంత బతికుందో అప్పుడు తెలుస్తుంది. గీతలు పడి ఇనుము కనపడే చోట మాత్రం తుప్పు గీకి, దగ్గర రంగు సన్నటి కుంచెతో చుక్కలా పెట్టండి. గీకేటప్పుడు నీళ్లతో తడిపి గీకండి, మూతికి గుడ్డ కట్టుకోండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.

నా మొదటి సైకిలుకి పక్క టౌన్లో ఒక షాపులో పౌడర్ కోటింగ్ వేయించాను. నిగనిగలాడుతూ వచ్చింది. స్టిక్కర్లన్నీ పోయాయి, బీబీ మరల్లోకి కూడా పౌడరు పోయి గట్టిపడింది, కప్పు ఎక్కలేదు, గీకడానికి రెండు రోజులు పట్టింది. మరలు మూసి వేయమని చెప్పకపోవడం నా తప్పే అన్నారు. తప్పక వేయించాలంటే అన్ని మరల్లోనూ పాత బోల్టులు, కప్పులు బిగించి ఇవ్వండి, స్టిక్కర్లని ముందే స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి.

11. బిగింపు, మొదటి తొక్కుడు

కాటర్ పిన్నులు పెట్టేటప్పుడు రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఏ క్రాంకునైనా ముందుకి తిప్పి పెడితే దాని పిన్ను నట్టు ఒకే వైపు కనపడాలి, రెండు వైపులా అదే లెక్క. తేడా వస్తే క్రాంకులు ఒకే గీతలో ఉండవు, కుంటుతున్నట్టు తొక్కాల్సి వస్తుంది.

మొదటిసారి మెయిన్ రోడ్డెక్కకండి. పొద్దున్నే కాలువ గట్టు మీద, ట్రాక్టర్లు రాకముందు, ఒక అయిదు కిలోమీటర్లు. నీళ్ల పక్క కాకుండా చేల పక్క తొక్కండి, బ్రేకు సరిగ్గా పడకపోతే పడేది వరి మడిలోనే. జేబులో 10 నంబరు, 15 నంబరు స్పానర్లుండాలి. వచ్చాక చక్రాల నట్లు, హ్యాండిలు బోల్టు మళ్లీ బిగించండి. కాటర్ పిన్నులకి ఇరవై ముప్ఫై కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి సుత్తి దెబ్బేసి, నట్టు బిగించాలి, కొత్త పిన్ను కొంచెం కూర్చుంటుంది. కాలు తొక్కినప్పుడల్లా టక్‌మని ఒక్క చప్పుడు వస్తోందంటే ఆ పిన్నే.

అప్పుడు కూడా చప్పుడు పోకపోతే ఫోన్ చేయండి. రాత్రి పదింటికి మాత్రం వద్దండీ.